గేటు పడితే వరుస ఎంత పెరుగుతుంది? కాగ్నిటివ్ రేడియోలో నిరీక్షణను లెక్కగట్టే పద్ధతి

రైల్వే గేటు దగ్గర ఆగినవాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. రైలు దాటిపోవడానికి అర నిమిషం చాలు. గేటు మాత్రం ఐదు నిమిషాలు పడి ఉంటుంది. అది లేచాక మన వంతు వచ్చేసరికి ఇంకో ఐదు నిమిషాలు. రోజులో తొంభై శాతం సేపు రోడ్డు తెరిచే ఉంటుందని ఎవరైనా చెబితే ఆ మాట తప్పు కాదు. కానీ మిట్టమధ్యాహ్నం స్కూటరు మీద నిలబడ్డవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

కాగ్నిటివ్ రేడియో అచ్చంగా ఇలాంటి రోడ్డే. ఛానెల్‌కు లైసెన్సు ఉన్న ప్రైమరీ యూజరు రైలు. ఛానెల్ ఖాళీగా ఉన్నప్పుడు వాడుకుని, ప్రైమరీ రాగానే పక్కకు తప్పుకోవలసిన సెకండరీ యూజరు రోడ్డు మీది బండి. కాగ్నిటివ్ రేడియో అనే పేరును 1999లో జోసెఫ్ మిటోలా, జెరాల్డ్ మగ్వైర్ రాసిన వ్యాసం ప్రచారంలోకి తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే మిటోలా స్టాక్‌హోమ్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం కేటీహెచ్‌లో ఇదే అంశంపై డాక్టరేట్ సిద్ధాంతం సమర్పించాడు. దీనికి కావలసిన గణితం మాత్రం చాలా పాతది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రం, మధ్యలో పని ఆగిపోయే వరుసలపై 1958లో వైట్, క్రిస్టీ చేసిన విశ్లేషణ చేతిలో ఉంటే సగం దారి దాటినట్లే. ప్రాధాన్యం ఉన్న గిరాకీ వచ్చి మన పనిని ఆపినా, యంత్రం పాడై ఆగినా, వరుసలో ఉన్నవాడికి రెండూ ఒకటేనని వాళ్లు చూపించారు.

కింది లెక్కలన్నీ కాలిక్యులేటర్‌తో చేయవచ్చు. సంభావ్యతలో డిగ్రీ స్థాయి పరిచయం ఉంటే చాలు.

మొదటి అడుగు: ప్రైమరీ ఏ వేగంతో వస్తూపోతూ ఉంటుందో తేల్చుకోండి

చాలామంది ఈ అడుగు దాటవేసి నేరుగా మార్కోవ్ గొలుసు (వ్యవస్థ స్థితులు, వాటి మధ్య మారే రేట్ల బొమ్మ) గీయడం మొదలుపెడతారు. టీవీ వైట్ స్పేస్‌ను, అంటే ఒక ప్రాంతంలో టీవీ స్టేషన్లు వాడని ఖాళీ ఛానెళ్లను, ఉదాహరణగా తీసుకుని, టీవీ స్టేషన్ సెకనుకు ఇన్నిసార్లు వస్తుందని రాసేస్తారు. టీవీ ట్రాన్స్‌మిటర్ సెకన్లలో రాదు, పోదు. అది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2008లో వైట్ స్పేస్‌లను తెరిచి, 2010లో నిబంధనలు సవరించింది. తాము ఎక్కడున్నామో తెలుసుకుని డేటాబేస్‌ను అడగగలిగే పరికరాలకు సెన్సింగ్ (ఛానెల్‌లో ప్రైమరీ ఉందేమో విని చూడటం) తప్పనిసరి కాదన్నది ఆ సవరణల్లో ఒకటి. అలాంటి చోట ప్రైమరీకి వరుస నమూనా కట్టడం కొండను రైలనుకున్నట్లే. అక్కడ వరుస ఏర్పడేది సెకండరీల మధ్యనే.

కాబట్టి ముందు లాగ్ సంపాదించండి. ఛానెల్ ఎప్పుడు బిజీ అయింది, ఎప్పుడు ఖాళీ అయింది అన్న రెండు వరసల కాలపట్టిక చాలు. దాని నుంచి మూడు అంకెలు తీయాలి: ప్రైమరీ సెకనుకు సగటున ఎన్నిసార్లు వస్తుంది, వచ్చినప్పుడు సగటున ఎంతసేపు ఉంటుంది, ఆ నిడివుల వర్గాల సగటు ఎంత. మూడోది ఎందుకో మూడో అడుగులో తెలుస్తుంది. దాన్ని రాసుకోకుండా వచ్చేస్తే మాత్రం లాగ్ కోసం మళ్లీ వెళ్లవలసిందే.

రెండో అడుగు: మధ్యలో ఆగిన పని ఏమవుతుందో ఒక్క వాక్యంలో రాయండి

నమూనా అంతా ఈ వాక్యం మీదే నిలబడుతుంది. ప్రైమరీ రాగానే సెకండరీ అక్కడే కాచుకుని ఆగినచోటి నుంచి కొనసాగిస్తుందా? మొదటి నుంచి మళ్లీ మొదలుపెడుతుందా? ఇంకో ఛానెల్‌కు దూకుతుందా? లేక ఆ పని పోయినట్లేనా? ఈ వాక్యం రాయకుండా సూత్రాలు వెతికితే ఒక వ్యాసంలోని సూత్రం, ఇంకో వ్యాసంలోని ఊహ కలిసిపోతాయి. ఫలితం రెంటికీ చెడిన రేవడి.

మూడో అడుగు: ఒకే ఛానెల్‌తో మొదలుపెట్టండి

పది ఛానెళ్ల నమూనా చూడముచ్చటగానే ఉంటుంది. కానీ విషయం అర్థమయ్యేది ఒకే ఛానెల్ దగ్గర. ప్రైమరీ పది సెకన్లకు ఒకసారి చొప్పున వస్తుందనుకుందాం, అంటే సెకనుకు 0.1. వచ్చినప్పుడల్లా సగటున 4 సెకన్లు ఉంటుంది. రెండూ గుణిస్తే ఛానెల్‌లో 0.4 వాటా ప్రైమరీది. సెకండరీ పనులు సెకనుకు 0.3 చొప్పున వస్తాయి, ఒక్కోదానికి సగటున 1 సెకను ఛానెల్ సమయం కావాలి. అంటే 0.3 వాటా. రెండూ కలిపి 0.7, ఒకటికి లోపే ఉంది కాబట్టి వరుస అంతులేకుండా పెరగదు. రాకలు పాయిజాన్ పద్ధతిలో, నిడివులు ఎక్స్‌పొనెన్షియల్‌గా ఉన్నాయనుకుందాం. ఒక ప్రైమరీ ప్రసారం సాగుతుండగా ఇంకొకటి వస్తే దాని వెనకే నిలబడుతుంది. సెకండరీ ఆగినచోటి నుంచే కొనసాగిస్తుంది.

ముందు తప్పు లెక్క చేద్దాం, ఎందుకంటే అందరూ చేసేది అదే. ప్రైమరీ 0.4 తీసుకుంటే మిగిలింది 0.6, కాబట్టి సెకండరీకి సెకనుకు 0.6 పనులు చేసే చిన్న ఛానెల్ దొరికిందనుకుని ఒకే సర్వరున్న మామూలు వరుసకు వాడే ఎం/ఎం/1 సూత్రంలో పెడతారు: 1 ÷ (0.6 − 0.3). పనికి 3.33 సెకన్లు. రిపోర్టులో పెట్టుకోవడానికి బాగుంటుంది.

సరైన లెక్కకు ముందు శేషం కనుక్కోవాలి. ఒక సెకండరీ పని వచ్చే క్షణానికి, అప్పటికే నడుస్తున్న పనిలో సగటున ఎంత మిగిలి ఉంటుందన్నదే శేషం. ఒక్కో తరగతికి రాకల రేటును నిడివుల వర్గాల సగటుతో గుణించి, సగం చేసి, రెండు తరగతులవీ కూడాలి. ఎక్స్‌పొనెన్షియల్‌కు వర్గాల సగటు అంటే సగటు వర్గానికి రెట్టింపు. ప్రైమరీకి 0.1 × 32 ÷ 2 = 1.6. సెకండరీకి 0.3 × 2 ÷ 2 = 0.3. శేషం 1.9.

ఇక సూత్రం ఇది:

పని ముగిసే సగటు సమయం = పని నిడివి ÷ ప్రైమరీ వదిలిన వాటా + శేషం ÷ (ప్రైమరీ వదిలిన వాటా × ఇద్దరూ వదిలిన వాటా)

1 ÷ 0.6 = 1.67. 1.9 ÷ (0.6 × 0.3) = 10.56. మొత్తం 12.2 సెకన్లు. తప్పు లెక్క చెప్పినదానికి మూడున్నర రెట్లకు పైనే.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో దగ్గరగా చూడాలి. ప్రైమరీ వాటా 0.4 అలాగే ఉంచి, రాకల తీరు మాత్రం మారుద్దాం. సెకనుకొకసారి వచ్చి 0.4 సెకను ఉంటే శేషం 0.46, సమయం 4.2 సెకన్లు. పది సెకన్లకు ఒకసారి వచ్చి 4 సెకన్లు ఉంటే 12.2, ఇప్పుడే చూశాం. వంద సెకన్లకు ఒకసారి వచ్చి 40 సెకన్లు ఉంటే శేషం 16.3, సమయం 92.2 సెకన్లు. ఛానెల్ వినియోగం కొలిచేవాడి మీటరు మూడు చోట్లా నలభై శాతమే చూపిస్తుంది. సెకండరీ మాత్రం ఒకచోట నాలుగు సెకన్లు, ఇంకోచోట నిమిషంన్నర కాచుకుంటుంది. తప్పు లెక్కలోని 3.33 ఎప్పుడు నిజమవుతుందంటే, ప్రైమరీ రాకలు కంటికి ఆననంత చిన్న ముక్కలైనప్పుడు. శేషంలో 0.3 మాత్రమే మిగిలితే సూత్రం సరిగ్గా అక్కడికే చేరుతుంది. మీరే పెట్టి చూడండి.

ఇంకో విషయం మొదటిసారి నన్ను ఆశ్చర్యపరిచింది. మన 12.2 సెకన్ల ఉదాహరణలో ఒక సెకండరీ పనిని ప్రసారం మధ్యలో ప్రైమరీ సగటున ఎన్నిసార్లు ఆపుతుంది? 0.1 × 1 = 0.1 సార్లే. పదిలో తొమ్మిది పనులు ఒకసారి మొదలయ్యాక ఏ అడ్డూ లేకుండా ముగుస్తాయి. ఆలస్యమంతా మొదలుకాకముందే జరిగిపోతోంది, గేటు ముందు పేరుకున్న వరుసలో. కాబట్టి ఇలాంటి చోట ప్రసారం ఆగిపోకుండా చూసే తెలివైన ఉపాయాల మీద నెలలు ఖర్చు చేయడం దండగ.

నాలుగో అడుగు: కొనసాగింపా, పునఃప్రారంభమా

ఆగినచోటి నుంచి కొనసాగించడం కుదరకపోతే, అంటే ఫ్రేము (ఒక విడతలో పంపే డేటా) మొత్తం ఒక్కసారిగా వెళ్లవలసిందే అయితే, పని నిడివి స్థానంలో వేరే అంకె వేయాలి. స్థిర నిడివి గల పని ముగియడానికి నిజంగా ఖర్చయ్యే ఛానెల్ సమయం: ప్రైమరీ రేటును నిడివితో గుణించి, సహజ ఘాతం తీసి, ఒకటి తీసేసి, ప్రైమరీ రేటుతో భాగించాలి. 1 సెకను పనికి ఇది 1.05 సెకన్లు, పట్టించుకోనక్కరలేదు. 10 సెకన్ల పనికి 17.2 సెకన్లు. 20 సెకన్ల పనికి 63.9. పెద్ద ఫైలును ముక్కలు చేయాలని అందరూ చెబుతారు, ఎంత చిన్న ముక్కలన్నది ఈ ఒక్క లెక్క చెబుతుంది. ప్రైమరీ రాకల మధ్య సగటు విరామంలో పదో వంతుకు మించనీయకండి, అప్పుడు నష్టం ఐదు శాతం దగ్గరే ఆగుతుంది.

ఐదో అడుగు: ఛానెళ్లు పెంచండి, కానీ గొలుసు గీయకుండా

ఇప్పుడు దూకే అవకాశం ఇద్దాం. మూడు ఛానెళ్లు, వరుస లేదు. ఖాళీ లేకపోతే కొత్త సెకండరీకి ప్రవేశం లేదు. అన్నీ నిండి ఉండగా ప్రైమరీ వస్తే ఒక సెకండరీ మధ్యలోనే పోతుంది. పుస్తకాల పద్ధతి ప్రకారం ఎన్ని ప్రైమరీలు, ఎన్ని సెకండరీలు ఉన్నాయన్న జంటను స్థితిగా తీసుకుని ద్విమితీయ మార్కోవ్ గొలుసు గీయాలి. మూడు ఛానెళ్లకే పది స్థితులు, పది ఛానెళ్లకు 66.

ఇద్దరి సగటు నిడివీ ఒకటే అయితే మాత్రం ఒక అడ్డదారి ఉంది. ప్రైమరీల కంటికి సెకండరీలు కనబడరు, కాబట్టి ప్రైమరీల వరకు అది మామూలు ఎర్లాంగ్ వ్యవస్థ, అంటే ఖాళీ లేకపోతే వచ్చినవాడు వెనుదిరిగే వ్యవస్థ. ఇద్దరినీ కలిపి తలలు లెక్కపెడితే, ఒక సెకండరీని తోసేసి ప్రైమరీ కూర్చున్నప్పుడు మొత్తం సంఖ్య మారదు. కాబట్టి మొత్తం కూడా ఎర్లాంగ్ వ్యవస్థే! అన్ని ఛానెళ్లూ నిండి ఉండే సంభావ్యతను ఇచ్చే ఎర్లాంగ్ బి సూత్రాన్ని రెండుసార్లు వేస్తే పని అయిపోతుంది.

ఇద్దరి భారమూ చెరొక ఎర్లాంగ్ (అంటే రాకల రేటు × సగటు నిడివి = 1) అనుకుందాం. భారం 1, ఛానెళ్లు 3 అయితే అడ్డంకి 0.0625. భారం 2, ఛానెళ్లు 3 అయితే 0.2105. రెండోది సెకండరీకి ప్రవేశం దొరకని సంభావ్యత. రెండింటి తేడా 0.148, అంటే అన్నీ నిండి ఉండి, వాటిలో కనీసం ఒక్క సెకండరీ అయినా ఉన్న సమయం. ప్రైమరీ ఆ సమయంలో వస్తేనే ఎవరో ఒకరు పోతారు. దాన్ని ప్రవేశం దొరికినవారి వాటా 0.7895తో భాగిస్తే 0.1875. (ఇద్దరి రాకల రేటూ ఒకటే కాబట్టి రేట్లు కొట్టివేయబడ్డాయి. వేరైతే ప్రైమరీ రేటు పైన, సెకండరీ రేటు కింద ఉంచండి.) వందమంది సెకండరీలు వస్తే 21 మందికి తలుపు తెరుచుకోదు, 15 మంది లోపలికి వచ్చి మధ్యలో పోతారు, 64 మంది పని ముగిస్తారు.

మధ్యలో పోయేవారిని తగ్గించడానికి ఒక ఛానెల్‌ను కొత్త సెకండరీలకు ఇవ్వకుండా అట్టిపెట్టడం పరిశోధనా వ్యాసాల్లో తరచూ కనబడే ఉపాయం. లెక్కేద్దాం. రెండు ఛానెళ్లు నిండగానే కొత్త సెకండరీలను ఆపేస్తే మొత్తం సంఖ్య 0, 1, 2, 3 ఉండే సంభావ్యతలు 3/17, 6/17, 6/17, 2/17 అవుతాయి. ప్రవేశం దొరకనివారు 47 శాతం. లోపలికి వచ్చినవారిలో మధ్యలో పోయేవారు 18.75 శాతం నుంచి 10.4 శాతానికి తగ్గుతారు. వందలో పని ముగించేది మాత్రం 47 మందే. తొమ్మిది మందిని మధ్యలో పోకుండా కాపాడి, ఇరవై ఆరు మందికి తలుపు మూశాం. ఫోను మాట్లాడుతుండగా తెగడం, అసలు కలవకపోవడం కంటే చిరాకే, ఒప్పుకుంటాను. డేటాకు మాత్రం ఇది గోరుతో పోయేదానికి గొడ్డలి వాడటమే. మధ్యలో ఆగినవారిని కాసేపు బఫర్‌లో కూర్చోబెట్టడం నయం.

ఇద్దరి నిడివులూ బాగా వేరైతే అడ్డదారి పనిచేయదు. అప్పుడు గొలుసు గీయక తప్పదు. అయినా మీ ప్రోగ్రామును మొదట సమాన నిడివులతో నడిపి 0.2105, 0.1875 వస్తున్నాయో లేదో చూసుకోండి.

ఆరో అడుగు: సెన్సింగ్ తినేసే వాటా తీసేయండి

ఇంతవరకు సెకండరీకి దివ్యదృష్టి ఉందనుకున్నాం. నిజానికి అది కొంతసేపు విని, కొంతసేపు మాట్లాడుతుంది. 100 మిల్లీసెకన్ల ఫ్రేములో 5 మిల్లీసెకన్లు వినడానికే పోతే 0.95 మిగిలింది. తప్పుడు అలారం, అంటే ప్రైమరీ లేకున్నా ఉందనుకోవడం, ఇంకొంత తింటుంది. వైట్ స్పేస్‌ల కోసం 2011లో వచ్చిన ఐఈఈఈ 802.22 ప్రమాణం తప్పుడు అలారం 0.1 మించరాదని, ఉన్న ప్రైమరీని పట్టుకునే సంభావ్యత కనీసం 0.9 ఉండాలని చెబుతుంది. 0.95 × 0.9 = 0.855. మన 1 సెకను పనికి ఇప్పుడు 1.17 సెకన్లు కావాలి. మూడో అడుగు సూత్రంలో మళ్లీ పెడితే 12.2 కాస్తా 15.4 సెకన్లవుతుంది. పద్నాలుగున్నర శాతం సామర్థ్యం పోతే ఆలస్యం ఇరవై ఆరు శాతం పెరిగింది. ఛానెల్ ఎంత నిండుగా ఉంటే ఈ వడ్డీ అంత ఎక్కువ.

ప్రైమరీని గుర్తించలేకపోవడం వేరే జాతి పొరపాటు. అక్కడ నష్టపోయేది ప్రైమరీ. దాన్ని సెకండరీ ఆలస్యం లెక్కలో కలపకండి, విడిగా కొలవండి.

ఏడో అడుగు: సిమ్యులేషన్‌తో సరిచూడండి

ఘటనల జాబితా ఒకటి పెట్టుకుని, కాలాన్ని ఒక ఘటన నుంచి తర్వాతి ఘటనకు దూకించండి. ఎక్స్‌పొనెన్షియల్ విరామం కావాలంటే 0, 1 మధ్య యాదృచ్ఛిక సంఖ్య తీసుకుని, దాని సహజ సంవర్గమానాన్ని రుణం చేసి, రేటుతో భాగించాలి. మొదటి కొన్ని వేల పనుల ఫలితాలు పారేయండి, ఎందుకంటే వ్యవస్థ ఖాళీగా మొదలైంది.

నా మొదటి ప్రోగ్రాము 12.2 బదులు అంతకంటే చాలా చక్కటి అంకె ఇచ్చింది. రెండు రోజులు సంబరపడ్డాను. తర్వాత తెలిసింది, ప్రైమరీ వచ్చి సెకండరీని ఆపినప్పుడు ఆ సెకండరీ ముగింపు ఘటనను జాబితా నుంచి తీసేయడం మరిచిపోయానని. గేటు పడి ఉండగానే నా బండ్లు దాటిపోతున్నాయి. అప్పటి నుంచి ప్రతి ముగింపు ఘటనకూ ఒక వరుస సంఖ్య తగిలిస్తున్నాను. పని ఆగిన ప్రతిసారీ సంఖ్య మారుతుంది, పాత సంఖ్యతో వచ్చిన ఘటనను పట్టించుకోను.

తనిఖీకి లిటిల్ సూత్రం చాలు: వ్యవస్థలోని సగటు సెకండరీ పనుల సంఖ్య, రాకల రేటును సగటు సమయంతో గుణిస్తే రావాలి. 0.3 × 12.2 అంటే సుమారు 3.67. సంఖ్యను, సమయాన్ని ప్రోగ్రాములో వేర్వేరుగా కొలిచి పోల్చండి. తేడా వస్తే తప్పు ప్రోగ్రాముదే, లిటిల్‌ది కాదు.

ఎనిమిదో అడుగు: నిజమైన రైలు మీద ప్రయోగించండి

ఇందుకు ఇంట్లోని వైఫై రూటరే పనికొస్తుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో కొన్ని ఛానెళ్లను రాడార్లతో పంచుకోవాలి. డీఎఫ్ఎస్ అనే ఆ పద్ధతిలో రూటరు ఛానెల్ వాడేముందు 60 సెకన్లు వినాలి. రాడార్ కనబడితే 10 సెకన్లలో ఖాళీ చేయాలి. 30 నిమిషాల దాకా ఆ ఛానెల్‌కు తిరిగి రాకూడదు. రాడార్ తళుక్కుమనేది క్షణకాలమే. సూత్రంలో వేయవలసిన నిడివి మాత్రం రాడార్‌ది కాదు, నిబంధనది: 1800 సెకన్లు.

రోజుకొక్కసారి రాడార్ తగులుతుందనుకుందాం, సెకండరీ పనులు మూడో అడుగులోలాగే ఉన్నాయనుకుందాం. వాటా 2 శాతమే, ఎవరూ లెక్కచేయరు. నిడివి స్థిరం కాబట్టి వర్గాల సగటు 1800 వర్గమే. దాన్ని 86,400తో, మళ్లీ 2తో భాగిస్తే 18.75. సెకండరీది 0.3 కలిపితే శేషం 19.05. రూటరు మొండిగా అదే ఛానెల్‌పై కాచుకుంటే సగటు సమయం 29.7 సెకన్లు. రాడారే లేకపోతే 1.43.

ఇంకో ఛానెల్‌కు దూకి, అక్కడ 60 సెకన్లు విని మొదలుపెడితే శేషానికి రాడార్ వల్ల కలిసేది 0.02 మాత్రమే, సమయం 1.46 సెకన్లు. యూరప్‌లో 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ వరకు వాతావరణ రాడార్లుంటాయి, అక్కడ 10 నిమిషాలు వినాలి. రూటరు తెలియక ఆ ఛానెల్‌నే ఎంచుకుంటే 4.5 సెకన్లు. దూకాలా వద్దా అన్న ప్రశ్నకు, ఎక్కడికి దూకాలన్న ప్రశ్నకు ఈ నాలుగు అంకెలే జవాబు.

ఈ 29.7ను మాత్రం ఒంటరిగా ఎవరికీ చూపించకండి. అరగంటలో 540 పనులు పేరుకుంటాయి. ఛానెల్ తెరుచుకున్నాక సెకనుకు ఒకటి ముగుస్తుంటే 0.3 చొప్పున కొత్తవి వస్తుంటాయి, కాబట్టి వరుస తరగడానికి 540 ÷ 0.7, అంటే దాదాపు 13 నిమిషాలు. రోజులో ఈ 43 నిమిషాల్లో వచ్చిన పనులే, అంటే మూడు శాతమే, దెబ్బతింటాయి. మిగతా తొంభై ఏడు శాతానికి రాడార్ ఊసే తెలియదు. ముప్పై సెకన్ల దగ్గర ఎవరూ లేరు. అందుకే నివేదికలో సగటు పక్కనే ఇంకో వరస చేర్చండి: ఐదు సెకన్లలోపు ముగిసినవి ఎన్ని, పది నిమిషాలు దాటినవి ఎన్ని. సిమ్యులేషన్‌లో ప్రతి పని సమయాన్నీ దాచుకుని ఉంటే అది రెండు లైన్ల పని.